వీట్‌బిక్స్ ఊట

మా గరాజ్‌లో ఓ మూల 30 లీటర్ల నీలం బకెట్ ఉంటుంది, చుట్టూ పాత దుప్పటి, కింద హీట్ ప్యాడ్. న్యూజిలాండ్‌లోని మా హామిల్టన్‌లో జూలై చలికాలం, ఆ పొగమంచు చూసినవాళ్ళకి ఆ దుప్పటి ఎందుకో చెప్పక్కర్లేదు. మూత మీద ఎయిర్‌లాక్, అంటే లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని రానివ్వని చిన్న గొట్టం, బుడుక్ బుడుక్‌మని కొట్టుకుంటూ ఉంటుంది, రాత్రి వంటింట్లో నీళ్ళు తాగడానికి లేచినా వినిపిస్తుంది. అది నేను ఇంట్లో తీసే వోడ్కాకి ఊట. లోపల ఏముందంటే 5 కిలోల పంచదార, 20 వీట్‌బిక్స్ (ఇక్కడ పొద్దున పాలల్లో వేసుకుని తినే గోధుమ బిళ్ళలు), రెండు చెంచాల టమాటా పేస్టు, ఒక నిమ్మకాయ రసం, నాలుగు గుడ్ల పెంకులు, బ్రెడ్ చేసుకునే ఈస్ట్ 80 గ్రాములు, మిగతాదంతా నీళ్ళు. వెరసి 25 లీటర్లు. ఒక్క బకెట్, హీట్ ప్యాడ్ తప్ప అన్నీ వంటింటి అలమరలోంచి వచ్చినవే.

ముందు చట్టం సంగతి చెప్పేస్తా. న్యూజిలాండ్‌లో 1996 నుంచి ఇంట్లో సొంతానికి స్పిరిట్, అంటే వోడ్కాలాంటి కాచి తీసే మద్యం, తీసుకోవడం చట్టబద్ధం, లైసెన్సు అక్కర్లేదు, కానీ చుక్క కూడా అమ్మకూడదు. స్టిల్ అంటే మన బట్టీ, అది ఇక్కడ హోమ్ బ్రూ షాపులో ప్రెషర్ కుక్కర్ కొన్నంత మామూలుగా కొనుక్కోవచ్చు. పక్కనున్న ఆస్ట్రేలియాలో లైసెన్సు లేకుండా కుదరదు. అమెరికాలో బీరు, వైన్ ఇంట్లో చేసుకోనిస్తారు గానీ స్పిరిట్‌కి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. ఆంధ్రాలో, తెలంగాణలో అయితే కేసు, జైలు. కాబట్టి అక్కడుండి ఇది చదివేవాళ్ళు దయచేసి చదివి ఊరుకోండి, చేయొద్దు.

ఇక్కడ మన తెలుగువాళ్ళు ఎవరింటికెళ్ళినా అడిగే మాట ఒకటే, "వీట్‌బిక్స్‌తో వోడ్కా తీస్తావంట కదా" అని. తీస్తాను, కానీ ఆ వోడ్కా వీట్‌బిక్స్‌లోంచి రాదు. చాలామంది తికమకపడేది ఇక్కడే, మొదట్లో నేనూ అట్లాగే అనుకున్నా. గోధుమలో ఉన్నది పిండిపదార్థం, ఈస్ట్ దాన్ని తినలేదు, దానికి చక్కెర కావాలి. పిండి చక్కెర అవ్వాలంటే ఎంజైములు ఉండాలి, అవి గింజ మొలకెత్తేటప్పుడు పుడతాయి. వీట్‌బిక్స్‌లో గోధుమ 97 శాతం ఉంటుంది గానీ అది ఉడికి, వత్తి, కాల్చినది, అందులో ఉండాల్సిన ఎంజైమ్ ఏదైనా ఆ వేడికే పోయుంటుంది. కార్న్‌ఫ్లేక్స్ కూడా అంతే. అంటే బకెట్‌లో ఆల్కహాల్ మొత్తం పంచదారదే, లీటరుకి 17 గ్రాముల పంచదార వేస్తే సుమారు 1 శాతం వస్తుంది, 25 లీటర్లకి 5 కిలోలంటే 11, 12 శాతం దగ్గర ఆగుతుంది.

మరి బిళ్ళలు ఎందుకు అంటే, ఈస్ట్‌కి పంచదార అంటే మనకి ఉత్తన్నం లాంటిది. ఉత్తన్నం ఎంత పెట్టినా మనిషి బలంగా ఉండడు కదా, పక్కన పప్పో కూరో ఉండాలి. వీట్‌బిక్స్‌లో థయమిన్, రైబోఫ్లావిన్, నియాసిన్, ఐరన్ కలిపి అమ్ముతారు పిల్లల కోసమని, గోధుమ తవుడులో ఖనిజాలు ఎట్లాగూ ఉంటాయి, ఈస్ట్‌కి కావల్సినవీ దాదాపు అవే. నత్రజని మాత్రం అందులోంచి పెద్దగా రాదు, ప్రోటీన్ రూపంలో ఉన్నదాన్ని అది తినలేదు, అందుకే ఆ 80 గ్రాముల్లోంచి రెండు చెంచాల ఈస్ట్ తీసి మరిగే నీళ్ళలో వేసి చంపేసి ఆ నీళ్ళు కలుపుతా, బతికున్న ఈస్ట్ చచ్చిన ఈస్ట్‌ని తింటుంది, వినడానికి ఎట్లాగో ఉంటుంది గానీ పని చేస్తుంది. టమాటా పేస్టు కూడా అందుకే.

ఇదంతా మొదటి బకెట్ మధ్యలో ఆగిపోయాక తెలిసింది. అప్పుడు ఉత్త పంచదార, ఈస్ట్, పులుపు ఉండాలన్నారని నాలుగు నిమ్మకాయలు, అంతే వేశా. చక్కెర ఎంత మిగిలిందో చూపే హైడ్రోమీటర్ 1.076 దగ్గర మొదలై 0.990కి దిగాల్సింది నాలుగో రోజు 1.040 దగ్గర ఆగిపోయింది, ఎయిర్‌లాక్ చప్పుడు లేదు, మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన. ఆకలేసిన ఈస్ట్ అట్లా గంధకం వాసన కొడుతుందని తర్వాత చదివా. పులుపు కొలిచే పిహెచ్ కాగితం పెట్టి చూస్తే 3కి కిందుంది, అంటే పులుపు మరీ ఎక్కువ. పంచదార ఊటలో పులుపు దానంతటదే పెరుగుతుంది, ఆపడానికి అందులో ఏమీ ఉండదు, పైగా నేను నాలుగు నిమ్మకాయలు పిండా. గుడ్ల పెంకులు కడిగి ఓవెన్‌లో ఎండబెట్టి దంచి వేశా, అవి మెల్లగా కరుగుతూ పులుపుని పట్టుకుంటాయి, వీట్‌బిక్స్ వేడినీళ్ళలో నానబెట్టి కలిపా, మర్నాటి సాయంత్రానికి ఎయిర్‌లాక్ మళ్ళీ మొదలైంది. ఆ చప్పుడు విని నేను ఎంత సంతోషపడ్డానో మా ఆవిడకి తెలుసు.

ఆ రాత్రే నాకు ఊళ్ళో సంగతి తట్టింది. మన పేపర్లలో జిల్లా పేజీలో ఎప్పుడూ ఒక వార్త ఉంటుంది చూడండి, "ఇన్ని లీటర్ల బెల్లం ఊట ధ్వంసం" అని. బెల్లం, తుమ్మచెక్క, నవసాగరం. చిన్నప్పుడు నవసాగరం మాట విన్నప్పుడల్లా కిక్కు కోసం వేసే విషం అనుకునేవాణ్ణి. నవసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్, అందులో ఉన్నది నత్రజని, అంటే ఊట కాసేవాడు కూడా ఈస్ట్‌కి కూర వడ్డిస్తున్నాడన్నమాట, పేరు తెలియకపోయినా పని తెలుసు. అట్లాగని అది మంచిదని కాదు, కొలత లేదు, శుభ్రం లేదు, కొందరు యూరియా కూడా వేస్తారు, యూరియా ఆల్కహాల్‌తో కలిసి ఇథైల్ కార్బమేట్ అవుతుంది, కాన్సర్ తెచ్చేదిగా అనుమానించే పదార్థం అది. యూరియా మాత్రం ఎవ్వరూ వేయొద్దు. కానీ ఊట అనే మాటని నేను వదల్లేదు, ఇక్కడ దీన్ని వాష్ అంటారు, నాకు మాత్రం ఊటే.

ఈ మాట అమ్మతో అనడానికి భయమేసింది. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించినప్పుడు ఆ సంగతి ఊరూరా పాకింది, మా ఊళ్ళో కూడా ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని వెళ్ళారు, అందులో మా అమ్మ ఉంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సారా ప్యాకెట్లు వీధిలో తొక్కుడు పడి ఉండేవి, మా వీధి చివర ఒకాయన కూలి డబ్బులు సాయంత్రానికే ప్యాకెట్లయిపోయేవి, వాళ్ళ పిల్లలు మా ఇంట్లో అన్నం తినేవాళ్ళు. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధించారు, 1995లో మొత్తం మద్యనిషేధమే వచ్చింది, 1997లో ఎత్తేశారు. అమ్మకి అది రాజకీయం కాదు, ఆ పిల్లల ఆకలి. అట్లాంటి మనిషికి వీడియో కాల్‌లో ఆ బకెట్ కనిపించింది.

"ఏందిరా అబ్బయా, సారా కాస్తా ఉండావా?"

"అవునమ్మా. ఇక్కడ తప్పు కాదు."

"తప్పు ఒప్పు నీ గవర్మెంటు చెప్పేది కాదు. అమ్ముతా ఉండావా?"

"లేదమ్మా, అమ్మకూడదు."

"నువ్వెంత తాగుతావు?"

శనివారం ఒకటి, ఎవరైనా వస్తే రెండు, అని నిజమే చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. "పిల్లోళ్ళ కంట పడకుండా పెట్టుకో" అని ఫోన్ పెట్టేసింది. అప్పట్నుంచి గరాజ్ అలమరకి తాళం ఉంటుంది.

వీట్‌బిక్స్ చేసే శానిటేరియం కంపెనీ సెవెంత్ డే అడ్వెంటిస్ట్ చర్చి వాళ్ళది, వాళ్ళు మద్యం ముట్టరు. 1894లో అమెరికాలోని బ్యాటిల్‌క్రీక్‌లో గోధుమ ఫ్లేక్స్ చేసిన కెల్లాగ్ అన్నదమ్ములు కూడా ఆ చర్చి ఆసుపత్రి మనుషులే. అది తెలిశాక డబ్బా చూసినప్పుడల్లా అమ్మ గుర్తొస్తుంది, తాగుడు వల్ల ఏం పోతుందో చూసినవాళ్ళ మాటకి బరువుంటుంది, నేను కొలిచి తాగడానికి అదీ ఒక కారణం.

సరే బట్టీ దగ్గరికొద్దాం. ఊట ఆగాక వారం రోజులు చలిలో వదిలేస్తా, వీట్‌బిక్స్ గుజ్జంతా కిందికి దిగాలి. రెండో బకెట్‌లో తొందరపడి గుజ్జుతో సహా బాయిలర్‌లో పోశా, హీటింగ్ ఎలిమెంట్‌కి అంటుకుని మాడింది, ఆ మాడు వాసన స్పిరిట్‌లోంచి మళ్ళీ ఎన్నిసార్లు తీసినా పోలేదు, మొత్తం పారబోశా. ఇప్పుడు పైపుతో పైనుంచి తేటగా లాగి, బట్టలో వడగట్టి మరీ పోస్తా. రెండు బకెట్లు విడివిడిగా ఒకసారి గబగబా కాచేస్తే సుమారు 30 శాతం ఉన్నది 16 లీటర్ల దాకా వస్తుంది, దాన్ని కలిపి రెండోసారి మెల్లగా, చినుకు చినుకుగా తీయాలి, ఒక పూటంతా పడుతుంది.

రెండోసారి వచ్చేదంతా 200 మిల్లీల గాజు సీసాల్లో వరసగా నంబర్లేసి పడతా. మొదటి పావు లీటరు వాసన కూడా చూడను, కిటికీ అద్దాలు తుడవడానికి పక్కన పెట్టేస్తా. తర్వాత మూడు నాలుగు సీసాలు గోళ్ళరంగు తుడిచే ద్రవం వాసన, అది ఇథైల్ ఎసిటేట్. ఆ తర్వాత ఒక సీసాలో ఉన్నట్టుండి వాసన శుభ్రమైపోతుంది, కాస్త తీపి, కాల్చిన గోధుమరొట్టె అంచు లాంటిది లీలగా. అదే హార్ట్స్, తాగడానికి ఉంచుకునే మధ్య భాగం. చివర్లో తడిసిన గోనెసంచి వాసన మొదలవుతుంది, అవి టెయిల్స్, అంటే తోక భాగం. థర్మామీటర్ చూసి ఏ సీసా ఉంచాలో తేల్చేస్తామనేవాళ్ళున్నారు, నా అనుభవంలో ముక్కుని మించింది లేదు, అదీ అప్పటికప్పుడు కాదు, సీసాల మీద కాఫీ ఫిల్టర్ కప్పి ఒక రోజు వదిలేసి, ఒక్కో చెంచా నీళ్ళతో కలిపి వాసన చూడాలి. మంచి సీసాలు కలిపితే 68 శాతం దగ్గర 4 లీటర్లు, నీళ్ళు కలిపి 40కి దించితే 7 లీటర్లకి కాస్త తక్కువ. నీళ్ళు కలిపాక మొత్తం లెక్కకన్నా కొంచెం తగ్గుతుంది, ఎవరూ దొంగిలించలేదు, నీళ్ళూ ఆల్కహాలూ ఒకదాంట్లో ఒకటి సర్దుకుంటాయి.

కళ్ళు పోతాయా అని అడుగుతారు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయింది సారాలో మిథనాల్ కలపడం వల్ల, అది ఫ్యాక్టరీ రసాయనం. పంచదార ఊటలో మిథనాల్ దాదాపు పుట్టదు, అది పళ్ళ పెక్టిన్ నుంచి వస్తుంది. పైగా మొదటి చుక్కలు పారబోస్తే మిథనాల్ అంతా పోతుందనుకోవడం కూడా తప్పు, కలిసిన సరుకుని ఇంట్లో కాచి బాగుచేయలేం. నాకు నిజంగా భయం నిప్పంటే. ఆల్కహాల్ ఆవిరి గదిలో నిండితే ఒక నిప్పురవ్వ చాలు. గరాజ్ తలుపు తీసే ఉంచుతా, గ్యాస్ పొయ్యి వాడను, ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌లో చన్నీళ్ళు ఆగాయేమో చేత్తో తడిమి చూస్తుంటా, మంటలార్పే సిలిండర్ పక్కనే, ఫోన్ వచ్చినా లేచి వెళ్ళను. వేడి స్పిరిట్‌కి స్టీలు, రాగి, గాజు తప్ప ఇంకేదీ, ముఖ్యంగా ప్లాస్టిక్, తగలనివ్వను.

ఇదంతా బాగానే ఉంది గానీ వీట్‌బిక్స్‌లోని గోధుమ మొత్తం వృథాగా పోతోందని మనసులో పీకుతూనే ఉంది. దాన్ని కూడా చక్కెర చేయాలంటే మొలకెత్తిన గింజ కావాలి. బార్లీ మాల్ట్ షాపులో దొరుకుతుంది, కానీ మన ఇళ్ళల్లో తరతరాలుగా ఉన్నదే కదా, రాగి మాల్ట్. మొలకెత్తిన రాగుల పిండితో కాచిన జావ ఎందుకు పలచగా ఉంటుంది, చంటిపిల్లలు ఎందుకు సులువుగా తాగుతారు అంటే ఆ ఎంజైమ్ పిండిని కోసేస్తుంది కాబట్టే. ఇండియన్ స్టోర్‌లో కిలో రాగులు కొని అమ్మకి ఫోన్ చేశా. ఎందుకో చెప్పే అడిగా.

కాసేపాగి చెప్పింది, రాత్రంతా నానబెట్టు, పొద్దున వడగట్టి తడిగుడ్డలో మూటగట్టు, రెండు రోజులు, మూట వెచ్చగా ఉండాల, తెల్లమొలక గింజంత రాగానే ఎండబెట్టెయ్యి, నీడనే మంచిది, వేయించబాక. ఆ వేయించొద్దనే మాట నాకు పుస్తకాల్లో ఎంజైమ్ చదివినంత విలువైనది, వేయిస్తే చచ్చిపోయేది అదే.

2 కిలోల వీట్‌బిక్స్ 15 లీటర్ల వేడినీళ్ళలో కలిపితే చెంచా నిలబడేంత గట్టి జావ అయింది. 65 డిగ్రీలకి దిగాక కిలో రాగి మాల్ట్ కలిపి దుప్పటి కప్పా. ఇరవై నిమిషాల్లో గరిటె తేలికైపోయింది. గంటన్నరకి మజ్జిగలా జారుతోంది, నాలుక మీద పెడితే తీపి, ఒక్క చెంచా పంచదార వేయకుండానే. ఒక చుక్క తెల్ల ప్లేటు మీద వేసి టింక్చర్ అయోడిన్ పెట్టా, మొదట నల్లగా నీలమయ్యేది ఇప్పుడు పసుపుగానే ఉండిపోయింది, పిండి మిగల్లేదన్నమాట. హైడ్రోమీటర్ 1.042. ఖర్చు లెక్కేస్తే దండగ, 5 శాతం కూడా సరిగ్గా రాదు, చివరికి మంచిది ముక్కాలు లీటరు దాకా మిగిలింది. కానీ ఇది పంచదారది కాదు, గింజది. అందులో రాగుల మట్టివాసన ఉంది, నిజంగా ఉంది. ఓక్ చెక్క ముక్క వేసి, తేదీ రాసి, అలమరలో పెట్టి తాళం వేశా.

ఆ ఆదివారం అమ్మకి చెప్పా, మొలకలు బాగా వచ్చాయి, జావ నీళ్ళలాగా అయిందని.

"వడగట్టినాక పిప్పి ఏం చేసినావు?"

"తోటలో గుంట తీసి వేశానమ్మా."

"అయ్యో, అంత పిప్పే. రెండు కోళ్ళన్నా పెంచుకోరాదా."