ఇంజిన్ సీల్ పోయిందన్నారు, కారుతున్నది ఆయిల్ సెన్సార్: చెన్నైలో నేనే మార్చుకున్న అనుభవం

కారు కింద ఆయిల్ చుక్కలు పడటం మొదలైన దగ్గర్నుంచి అవి ఆగేదాకా జరిగినదంతా రాస్తున్నాను. ఇదే లక్షణం చూసి గేర్‌బాక్స్ దింపించుకుని వేలకు వేలు ఖర్చు పెట్టినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు, నాకూ ముందు ఆ మాటే చెప్పారు.

మేం ఉండేది మేడవాక్కంలో, స్టిల్ట్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్. కారు పదకొండేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. టైల్స్ మీద చుక్కలు ముందు వాచ్‌మన్ చూశాడు, మర్నాటికల్లా అసోసియేషన్ గ్రూపులో ఫొటో వచ్చేసింది. దానికి కొద్ది రోజుల ముందు నుంచే ఓఎంఆర్ రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఏసీలోంచి సన్నగా కాలిన ఆయిల్ వాసన వస్తుండేది, బండి కదిలితే పోయేది. ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూస్తే ఆయిల్ పై గీత నుంచి దాదాపు సగానికి దిగింది. ఎర్ర లైటు మాత్రం ఒక్కసారి కూడా వెలగలేదు. డాష్‌బోర్డు మీద ఆ ఆయిల్ డబ్బా గుర్తు ఇంజిన్‌లో ఎంత ఆయిల్ ఉందో చెప్పదు, ప్రెషర్ ఉందా లేదా అన్నదే చెబుతుంది. పంపు ఆయిల్ అందక గాలి పీల్చేదాకా అది వెలగకపోవచ్చు, అలా వెలిగినప్పుడు ఇంకో కిలోమీటరు పోదాంలే అనుకుంటే బేరింగులు పోతాయి. కాబట్టి కారుతున్న బండికి లైటు వెలగలేదు కదా అని ధైర్యంగా తిరగకండి, డిప్‌స్టిక్ చూస్తూనే ఉండాలి.

దగ్గర్లో ఒక వర్క్‌షాపులో చూపించాను. లిఫ్ట్ ఎక్కించి, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట తడి చూపించి, "క్రాంక్ వెనక సీల్ పోయింది సార్, గేర్‌బాక్స్ దించాల్సిందే, ఎలాగూ దించుతాం కాబట్టి క్లచ్ కూడా మార్చేయడం మంచిది" అన్నారు. ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ ఇరుసు వెనక కొసన ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగే ఆ సీల్. ఎస్టిమేట్ 18,000 దాటింది. అవతల నెల్లూరులో మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ దగ్గర పడింది, ఆలోపు బండి ఇవ్వలేమన్నారు. డబ్బు సంగతి అలా ఉంచి, ఈ కారులో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని హైవే మీద పోవచ్చా లేదా అన్నదే పెద్ద టెన్షన్ అయింది.

మా పై అంతస్తులో ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్న పెద్దాయన ఒకరున్నారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన కిందికి వచ్చి టార్చి వేసి ఓ పది నిమిషాలు చూసి, "చుక్క పడేచోట వెతికితే ఏం దొరుకుతుంది అబ్బాయ్? ఆయిల్ పైనెక్కడో పుట్టి, గాలికి వెనక్కి పాకి, అన్నిటికన్నా కిందున్న చోట రాలుతుంది. ముందు శుభ్రంగా కడుగు, తర్వాత చూద్దాం" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు పనికొచ్చిన మాట అదే.

కడగడం అంటే ప్రెషర్ పైపుతో నీళ్లు కొట్టడం కాదు. ఇంజిన్ చల్లారాక, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద పాలిథిన్ కవర్ కట్టి, జిడ్డు వదిలించే డీగ్రీజర్ స్ప్రే చేసి, పాత పెయింట్ బ్రష్షుతో రుద్ది, బనియన్ వేస్ట్ గుడ్డలతో తుడిచాను. పదకొండేళ్ల మట్టి, ఆయిల్ కలిసి గట్టి పొరలా అంటుకుంది, అది పోవడానికి సాయంత్రమంతా పట్టింది. బాగా ఆరాక అనుమానం ఉన్న చోట్లన్నిటి మీదా, వాల్వ్ కవర్ (ఇంజిన్ పై మూత) అంచు, ఇంజిన్ బ్లాక్ వెనక భాగం, గేర్‌బాక్స్ జాయింటు, అన్నిటి మీదా మామూలు టాల్కం పౌడర్ పలచగా చల్లాను. షోలింగనల్లూరు దాకా వెళ్లొచ్చి, ఫోన్‌లో లైటు వేసి వీడియో మోడ్‌లో పెట్టి, చెయ్యి దూరే సందుల్లోంచి తీశాను. తెల్లటి పౌడర్ మీద తడి గీత స్పష్టంగా కనబడింది. వాల్వ్ కవర్ పొడి. గీత మొదలైంది బ్లాక్ వెనక, గేర్‌బాక్స్‌కి కాస్త పైన, ఒకే వైరు ఉన్న ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర, మెకానిక్‌లు ఆయిల్ సెన్సార్ అనేది దాన్నే. అక్కణ్ణుంచి బ్లాక్ మీదుగా జారి సరిగ్గా గేర్‌బాక్స్ జాయింటు మీదకు దిగుతోంది. కింద నుంచి చూసేవాళ్లకి వెనక సీల్ కారినట్టే ఉంటుంది మరి.

అసలు నిర్ధారణ కనెక్టర్ ఊడదీశాక అయింది. దాని లోపల ఆయిల్ నిండి ఉంది. ఈ స్విచ్‌లో ఒక పల్చటి పొర ఉంటుంది, దానికి ఒక పక్క ఇంజిన్ ఆయిల్, రెండో పక్క కరెంటు కాంటాక్టు. తాళం తిప్పినప్పుడు ప్రెషర్ లేదు కాబట్టి కాంటాక్టు ఇంజిన్ బాడీకి కలిసి లైటు వెలుగుతుంది, స్టార్ట్ అయ్యాక ఆయిల్ ఆ పొరను నెడితే కాంటాక్టు విడిపోయి లైటు ఆరుతుంది. కరెంటు పక్కకి ఆయిల్ రాకూడదు. వచ్చిందంటే పొరైనా చినగాలి, లేదా ప్లాస్టిక్ ముక్క, లోహం కలిపి నొక్కిన అతుకైనా వదలాలి. రెండింటిలో ఏదైనా మార్చడమే మార్గం, పైన ఎంసీల్ పూస్తే ఆగదు.

స్పేర్ కోసం మౌంట్ రోడ్ పక్కన జీపీ రోడ్డుకి వెళ్లాను. పుదుపేటలో పాత సామాను చవగ్గా దొరుకుతుంది గానీ ఇలాంటి వస్తువు సెకండ్‌హ్యాండ్ కొనడంలో అర్థం లేదు. ఆర్సీలో ఛాసిస్ నంబరు, సెన్సార్ ఫొటో చూపిస్తే పార్ట్ నంబరు చూసి ఇచ్చారు. కొట్టాయన ముందు తమిళంలో మాట్లాడి, నేను ఫోన్‌లో బాబాయ్‌తో మాట్లాడటం విని, "తెలుగా సార్? మాది గుమ్మిడిపూండి" అని తెలుగులోకి వచ్చేశాడు. "టెఫ్లాన్ టేపు చుట్టొద్దు సార్, దీనికి మర మీద గమ్ము కంపెనీలోనే వేసి ఇస్తారు" అని అతనే చెప్పాడు. నిజమే, ఒంటి వైరు స్విచ్‌కి ఎర్త్ అందేది ఆ మరల ద్వారానే. టేపు మందంగా చుడితే ఎర్త్ సరిగా అందకపోవచ్చు, పైగా ముక్క తెగి ఆయిల్ దారిలో పడితే పోయేది బేరింగుల వైపే. ధర 400 లోపే.

మార్చడం ఆదివారం పొద్దున్నే పెట్టుకున్నాను, రాత్రంతా నిలబడి ఇంజిన్ చల్లగా ఉంటుందని. నడిచి ఆగిన ఇంజిన్‌లో ఆయిల్ 90, 100 డిగ్రీల్లో ఉంటుంది, చేతి మీద పడితే చర్మం ఊడుతుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశాను. సెన్సార్‌కి కరెంటు ఏమంత లేదు గానీ, నా బండిలో స్టార్టర్ మోటారు లావు వైరు పక్కనే ఉంది, దానికి తాళం తీసేసినా కరెంటు ఉంటుంది, సాకెట్ తిప్పే రాచెట్ పిడి తగిలితే మెరుపులే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే పైనుంచే చెయ్యి అందింది, జాకీ అవసరం పడలేదు. కనెక్టర్ లాక్ మాత్రం ఏళ్ల తరబడి వేడికి పెళుసుబారి ఉంటుంది, లాగొద్దు. నాలుకను చిన్న స్క్రూడ్రైవర్‌తో నొక్కి పట్టుకుని మెల్లగా వెనక్కి తేవాలి. వైరు పట్టి లాగితే సెన్సార్ పనికి వైరింగ్ పని కూడా తోడవుతుంది.

24 నంబర్ డీప్ సాకెట్ పట్టింది. మామూలు పొట్టి సాకెట్‌కి సెన్సార్ మూతి అడ్డొస్తుంది, పానా పెట్టడానికి చోటు లేదు. కింద గుడ్డలు పరిచి ఎడమ వైపుకి తిప్పితే మొదట టక్కున వదిలింది, తర్వాత వేళ్లతోనే వచ్చింది. ఆయిల్ అంతా బయటికొచ్చేస్తుందేమో, ముందు డ్రెయిన్ చెయ్యాలేమో అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు, పంపు తిరగనప్పుడు ప్రెషర్ ఉండదు. నాకు రెండు మూడు చెంచాల ఆయిల్ వచ్చి ఆగింది. రంధ్రంలో పాత గమ్ము ముక్కలు లోపలికి పడకుండా బయటికి తుడవడం మాత్రం ఓపిగ్గా చేయాలి.

బిగించేటప్పుడు అసలు జాగ్రత్త కావాలి. ఇందులో మర కొస వైపు సన్నబడుతూ ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ తనంతట తానే బిగుసుకుని సీల్ అవుతుంది. కొన్ని చుట్లు బయట మిగిలి ఉండటం మామూలే. పూర్తిగా లోపలికి కూర్చోలేదని రాచెట్ మీద బలం చూపిస్తే అల్యూమినియం బ్లాక్ చిట్లుతుంది, అప్పుడు 400 రూపాయల పని ఇంజిన్ పని అవుతుంది. మా బండి మాన్యువల్‌లో బిగింపు బలం 14 న్యూటన్ మీటర్లని ఉంది, అంటే చాలా తక్కువ. ఆఫీసులో సైకిల్ తొక్కే స్నేహితుడి దగ్గర ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే చిన్న టార్క్ రెంచ్ ఉంటే అడిగి తెచ్చాను. చేత్తో తిరిగినంత తిప్పి, చివర దాంతో బిగించాను. వాషర్ వేసే రకం సెన్సార్లూ ఉన్నాయి, వాటి లెక్క వేరు, మీ బండి మాన్యువల్ చూసుకోండి. కనెక్టర్ లోపల ఉన్న ఆయిల్‌ని కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడిచాను, ఆయిల్ ఆ వైరు పట్టుకుని ఇంకా లోపలికి పాకగలదు.

బ్యాటరీ కలిపి, తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలిగింది, అది వెలగడం ముఖ్యం, వెలగకపోతే కనెక్షన్ లేనట్టు. స్టార్ట్ చేయగానే ఆరింది. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టార్చితో చూస్తే పొడిగా ఉంది. ఇంజిన్ ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూసి తగ్గినంత ఆయిల్ పోశాను. మళ్లీ పౌడర్ చల్లాను, జాయింటు మీద కూడా, వెనక సీల్ మీద అనుమానం పూర్తిగా తీరాలి కదా.

కొత్త సెన్సార్ వేశాక కూడా ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు లైటు మినుకుమినుకుమంటే దాన్ని మాత్రం సెన్సార్ మీదకు నెట్టేయకండి. అదే రంధ్రంలో గేజ్ బిగించి నిజమైన ప్రెషర్ కొలిపించుకోవాలి. నాకు ఆ పరిస్థితి రాలేదు.

ఫంక్షన్‌కి కారులోనే వెళ్లాం. నెల్లూరు సుమారు 175 కిలోమీటర్లు, సూళ్లూరుపేటలో టీకి ఆగినప్పుడు బానెట్ ఎత్తి చూశాను, ఊరు చేరాక మళ్లీ చూశాను. పౌడర్ ఎక్కడా తడవలేదు. తిరిగొచ్చాక ఆ వర్క్‌షాపుకి ఫోన్ చేసి గేర్‌బాక్స్ పని వద్దని చెప్పి, ముందు తర్వాత తీసిన ఫొటోలు పంపించాను. క్లచ్ బాగానే పడుతోంది, దాని టైమ్ వచ్చినప్పుడు మార్పిస్తాను.