ఒక నిమిషం లెక్క

జ్వరం మొదలైన రెండో రాత్రి మా ఆవిడ నన్ను తట్టి లేపింది. "ఏమండీ, నిద్రలో కూడా మీకు ఆయాసంగా ఉంటోంది" అంది. "నాకేం లేదు, పడుకో" అన్నాను. ఆ నాలుగు మాటలకి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

అప్పటిదాకా అది జలుబే అనుకున్నాను. ముక్కు కారింది, గొంతు గరగర. తగ్గినట్టే తగ్గి, ఒక సాయంత్రం పళ్లు టకటకలాడేంత చలి పుట్టింది. వెనకాలే జ్వరం. కుడి డొక్కలో పోటు. దగ్గితే పొడుస్తుంది, గట్టిగా గాలి పీలిస్తే పొడుస్తుంది. ఆవలింత వస్తుంటే భయపడటం నా జీవితంలో అదే మొదలు. ఎప్పుడో పంటినొప్పికి రాసిచ్చిన యాంటీబయోటిక్ బిళ్లలు రెండు మిగిలి ఉంటే అవి కూడా మింగేశాను. ఈ సంగతి డాక్టరుగారికి చెప్పకూడదనుకున్నాను గానీ ఆవిడ మొట్టమొదట అడిగిందే అది. చెప్పాక ఏమీ అనలేదు, రాసుకున్నారు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

నేను ఎప్పుడు మొదలైందీ, ఎలా మొదలైందీ చెప్పుకుపోతుంటే కాసేపు మాట్లాడొద్దని సైగ చేసి, నా మణికట్టు పట్టుకుని గడియారం వంక చూశారు. నాడి చూస్తున్నారనుకున్నాను. నిండా నిమిషం పట్టింది. అయ్యాక చెప్పారు, సగంసేపు లెక్కపెట్టింది నాడి కాదు, నా ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందని. "ఊపిరి లెక్కపెడుతున్నానని ముందే చెబితే ఎవరైనా ఊపిరి మార్చేస్తారండీ" అన్నారు. నిమిషానికి 26 వచ్చింది. ఖాళీగా కూర్చున్న పెద్దవాళ్లకి 12 నుంచి 20 దాకా ఉంటుందట. జ్వరం 102.4, నాడి 112. వేలికి తగిలించిన ఆక్సీమీటర్‌లో 95.

తర్వాత వీపు. ఎడమ చెయ్యి నా వీపు మీద ఆనించి, కుడి చేతి మధ్యవేలితో దానిమీద కొట్టుకుంటూ పైనుంచి కిందికి వచ్చారు. ఎడమ పక్క అంతా డొల్లగా మోగింది. కుడి పక్క కింద మాత్రం నిండు పీపా మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు. నాకే వినిపించింది. పీపా అన్న మాట ఊరికే అనలేదు. ఇలా తట్టి చూసే పద్ధతి గురించి 1761లో మొదట రాసిన ఆవెన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియా వైద్యుడి తండ్రి సత్రం నడిపేవాడని, పీపాలో సరుకు ఎంతవరకూ ఉందో తట్టి చూడటం అక్కడే కొడుక్కి తెలిసిందని చెబుతారు. మంచం మీద ఉన్న రోజుల్లో చదివాను. స్టెతస్కోప్ రావడానికి ఇంకా యాభై ఏళ్ల పైన పట్టింది.

ఆవిడ ఆ మొద్దు చోటే స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. ఏం వినిపిస్తోందని అడిగితే, చెవి పక్కన నాలుగు వెంట్రుకలు వేళ్ల మధ్య నలుపుకుని వినమన్నారు. చిటచిటమని సన్నటి చప్పుడు. "ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల అదే" అన్నారు. "నిమ్ము చేరిందండీ. న్యుమోనియా." గాలి నిండాల్సిన చిన్నచిన్న తిత్తుల్లో నీరూ చీమూ చేరాయన్నమాట.

ఆ మాట వినగానే టెన్షన్ పట్టుకుంది. ఎక్స్‌రే తీయరా, సెలైన్ పెట్టరా, అడ్మిట్ అవ్వాలా అని వరసగా అడిగేశాను. జవాబు చెప్పకుండా ఆవిడే ఈరోజు తేదీ ఎంతని అడిగారు. చెప్పాను. తర్వాత బీపీ చూశారు, 118 మీద 74. అప్పుడు వివరించారు. మనిషి తికమకపడుతున్నాడా, ఊపిరి నిమిషానికి 30 కానీ అంతకన్నా ఎక్కువ కానీ ఉందా, బీపీ పై అంకె 90 లోపుకో కింది అంకె 60కో అంతకన్నా కిందికో పడిపోయిందా, వయసు 65 నిండిందా. నాకు 53. నాలుగింటికీ సున్నా. ఆక్సిజన్ కూడా ఫరవాలేదు కాబట్టి ఇంటి దగ్గరే వైద్యం. "ఎక్స్‌రే ఇప్పుడు తీసినా తీయకపోయినా మీకిచ్చే మందు ఇదే" అన్నారు.

పెన్సిలిన్ పడదా అని రెండుసార్లు అడిగి, అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, ఐదు రోజులకి రాశారు. పోటుకీ జ్వరానికీ పారాసెటమాల్. దగ్గు మందు అడిగితే ఇవ్వలేదు. మందుల కన్నా ఆవిడ ఎక్కువసేపు చెప్పింది ఎప్పుడు పరిగెత్తుకు రావాలో. పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా, వాక్యం పూర్తి చెయ్యలేకపోయినా ఆగకుండా ఆసుపత్రికి. అవేవీ లేకపోయినా మూడు రోజుల్లో జ్వరం దిగకపోతే మళ్లీ తన దగ్గరికి. అదంతా వేరే కాగితం మీద రాసి, నాకు కాదు, మా ఆవిడ చేతికిచ్చారు.

దాంతో ఇంట్లో లెక్కలు మొదలయ్యాయి. రాత్రిపూట నేను నిద్రపోయానని నిర్ధారించుకుని మా ఆవిడ ఫోన్‌లో నిమిషం పెట్టుకుని లెక్కపెట్టేది. 25, 24, 22. ఒకటి రెండుసార్లు మెలకువగా ఉండి కూడా కదల్లేదు. కానీ చూస్తోందని తెలియగానే ఊపిరి దానంతటదే నెమ్మదించేది. పొద్దున్నే "రాత్రి 16 వచ్చిందండీ" అని సంబరపడేది. నిజం చెప్పలేక ఊరుకున్నాను.

మూడో రోజు చెమట పట్టి జ్వరం దిగింది. ఇక అయిపోయిందనుకున్నాను. అక్కడే పొరబడ్డాను. మందు అయిపోయాక కూడా స్నానం చేసి వస్తే మంచం మీద కూర్చుండిపోయేవాణ్ణి, చొక్కా బొత్తాలు పెట్టుకునే ఓపిక లేక. ఎవరైనా ఫోన్ చేసి "తగ్గిందటగా" అంటే కోపం వచ్చేది. ఛాతీలో పోటు నెల రోజులకి, దగ్గు ఆరు వారాలకి చాలావరకు తగ్గుతాయనీ, నీరసం మాత్రం కొందరిలో మూడు నెలలు దాటి కూడా ఉంటుందనీ డాక్టరుగారు ముందే చెప్పారు. అప్పుడు అది నా చెవికెక్కలేదు. రెండో వారం మెట్లు ఎక్కబోయి ఐదో మెట్టు మీద కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది.

ఆరు వారాలకి ఎక్స్‌రే తీయించారు. యాభై దాటినవాణ్ణి, పైగా ఒకప్పుడు సిగరెట్లు తాగినవాణ్ణి, నిమ్ము వెనకాల ఇంకేదైనా దాగుందేమో చూడాలని. ఏమీ లేదు. అయినా ఆవిడ ఫిల్మ్ పక్కన పెట్టి నా వీపు మళ్లీ తట్టారు, ఎడమ, కుడి, ఎడమ, కుడి. నేనూ చెవి పెట్టి విన్నాను. రెండు పక్కలా ఒకేలా మోగింది.