అడ్వాన్సు చేతికొచ్చింది

బాలాజీనగర్ ఇల్లు ఖాళీ చేసి ఇవాళ్టికి 40 రోజులు. అడ్వాన్సు ఇవాళ చేతికొచ్చింది.

నాలుగేళ్ల కిందట నెలకు 8,000 అద్దె, మూడు నెలల అడ్వాన్సు 24,000 ఇచ్చి చేరాం. ఖాళీ చేసినప్పుడు ఆ డబ్బు రాగానే, కొత్తగా అద్దెకు తీసుకున్న వేదాయపాళెం ఇంటికి అడ్వాన్సు కట్టేద్దామనుకున్నాం. తీరా తాళాలిచ్చే రోజున ఓనరు అంకుల్ "కొత్తగా చేరేవాళ్లు ఇచ్చాక ఇస్తాలేమ్మా" అన్నారు. ఇక్కడేమో ముందు కడితేనే సామాను దించమన్నారు. నా గొలుసు బ్యాంకులో పెట్టి 20,000 తెచ్చాం. అప్పట్నుంచీ చెయ్యి ఊరికే మెడ మీదకు పోతోంది.

అంకుల్ చెడ్డవారని నేననను. మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు అద్దె రెండు నెలలు ఆలస్యమైనా ఒక్క మాట అనలేదు. కానీ మా డబ్బు మాకివ్వడానికి ఇంకెవరో వచ్చి చేరేదాకా ఆగమనడం న్యాయం కాదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదనీ, ఇల్లు అప్పగించిన రోజే బాకీలు పోను మిగతాది ఇచ్చేయాలనీ ఉందని తమ్ముడు చెప్పాడు. అది నమూనానే, రాష్ట్రాలు తమ చట్టాల్లో పెట్టుకోవాలి. అయినా ఆ మాట విన్నాక అడగడానికి ధైర్యం వచ్చింది.

పదకొండింటికి వెళ్లాను. ఆంటీ మజ్జిగ ఇచ్చింది. అంకుల్ క్యాలెండర్ వెనక రాసిపెట్టిన లెక్క చూపించారు: రంగులకు 7,000, కరెంటు బిల్లు 690. గుండె ఝల్లుమంది.

ముందు కరెంటు సంగతి తేల్చాను. తాళాలిచ్చే ముందు మీటరు ఫోటో తీసి పెట్టుకున్నాను, 4,316. బిల్లు చీటీలో పాత రీడింగు 4,231, కొత్తది 4,372. మధ్యలో 56 యూనిట్లు రంగులేసినవాళ్లు ఉన్నప్పుడు కాలినవి. అంకుల్ కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి, ఫోను దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అంకె వేలితో పెద్దది చేసి చదివారు. "సరే, 400 వేసుకుందాం" అన్నారు.

రంగుల దగ్గరే పట్టుబట్టారు. "నాలుగేళ్లు మనుషులున్నాక గోడలు మాయవా అంకుల్? హాల్లో మేకుల బొక్కలు, పొయ్యి పైన నూనె జిడ్డు మావే. వాటికి ఇస్తాను. ఇల్లంతా రంగులకు నేనెట్లా ఇస్తాను?" అన్నాను. గొంతు వణికింది, కానీ ఆపలేదు. చివరికి ఆంటీనే లోపల్నుంచి "ఆ పిల్ల చెప్పేది నిజమే కదండీ, మనం ఎట్లాగూ వేయించాల్సిందేగా" అంది. ఆంటీకి దణ్ణం పెట్టాలనిపించింది. 2,000 దగ్గర తెగింది.

500 నోట్లు 43, ఒక 100. రెండుసార్లు లెక్కపెట్టి, ముట్టినట్టు కాగితం మీద సంతకం చేసి, దాన్నీ ఫోటో తీసుకున్నాను. నాలుగేళ్ల కిందట ఇచ్చినప్పుడు రసీదు అడగలేదని ఈ 40 రోజులూ ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. వేదాయపాళెం ఓనరుగారి దగ్గర మాత్రం మొదటి రోజే రాయించుకున్నాను.

షేర్ ఆటోలో బ్యాగు ఒళ్లో గట్టిగా పట్టుకుని ఇంటికొచ్చాను. బియ్యం డబ్బాలో దాచాను. రేపు పదింటికల్లా బ్యాంకుకు వెళ్లాలి, గొలుసు తెచ్చుకోవాలి.