ఒకే టేబుల్, రెండు గ్రూపులు

ఆదివారం. బట్టలు ఉతికి ఆరేసేసరికి పది దాటింది. ఈ వారమంతా క్లాసులో క్యారెక్టర్ టేబుళ్లే కాబట్టి, ఎనిమిదేసి మూలకాలున్న రెండు గ్రూపులు తీసుకుని, పుస్తకం చూడకుండా వాటి టేబుళ్లు వేద్దామని కూర్చున్నాను. గ్రూపు అంటే, ఏ రెండింటిని కలిపినా మళ్లీ అందులోనిదే వచ్చే, చేసినదాన్ని వెనక్కి తీసుకోగలిగే పనుల గుంపు. ఆ కలపడం చెడకుండా ప్రతి మూలకానికీ ఒక మాత్రిక (అంకెల చతురస్రపు పట్టిక) ఇస్తే, ఆ మాత్రికల వికర్ణాల మొత్తాలే క్యారెక్టర్; వాటిని వరుసలుగా రాసిందే టేబుల్.

ఒకటి చతురస్రం సౌష్ఠవాల గ్రూపు. పాత పెళ్లి కార్డును చతురస్రంగా కత్తిరించి, మూలలకు రెండు వైపులా అంకెలు వేసి ఆడించి చూశాను. తిప్పే తీరులు నాలుగు, తిరగేసే తీరులు నాలుగు. పావు చుట్టు తిప్పి తిరగేస్తే ఒక అమరిక, ముందు తిరగేసి తర్వాత తిప్పితే ఇంకొకటి. రెండోది క్వాటర్నియన్ గ్రూపు: ±1, ±ఐ, ±జె, ±కె; ఐ, జె, కెలలో దేని వర్గమైనా −1. 1843లో డబ్లిన్‌లో కాలువ గట్టున నడుస్తుంటే గణితజ్ఞుడు హామిల్టన్‌కు తట్టిన లెక్క.

రెండింట్లోనూ కంజుగసీ క్లాసులు (ఒకే తీరు మూలకాల జట్లు) ఐదు, అంటే ఇర్రెడ్యూసిబుల్ క్యారెక్టర్లూ (ఇంకా చిన్నవాటిగా విడగొట్టలేనివి) ఐదే. డిగ్రీల (మాత్రికలో ఎన్ని వరుసలో ఆ అంకెల) వర్గాలు కూడితే 8 రావాలి, 1+1+1+1+4 తప్ప వేరే దారి లేదు. నాలుగు వరుసలు 1, −1లతో నిండాయి. ఐదోది ఆర్థోగొనాలిటీయే (టేబుల్ వరుసలూ నిలువులూ ఒకదానికొకటి లంబంగా ఉండాలన్న నియమం) ఇచ్చేసింది: 2, −2, 0, 0, 0. రెండు గ్రూపులకూ ఒకటే టేబుల్, ఒక్క అంకె తేడా లేదు! అదీ ఒక్క మాత్రిక రాయకుండా. 1896లో జర్మన్ గణితజ్ఞుడు ఫ్రోబెనియస్ క్యారెక్టర్లను కనిపెట్టింది కూడా మాత్రికలతో కాదు, ఇంకో గణితజ్ఞుడు డెడెకిండ్ ఉత్తరంలో రాసిన, గ్రూపు గుణకార పట్టిక నుంచి వచ్చే బహుపది అయిన గ్రూప్ డిటర్మినెంట్‌ను కారణాంకాలుగా విడగొట్టబోయి. మాత్రికల సంగతి ఆ తర్వాతి ఏడాది వచ్చింది.

కానీ ఈ గ్రూపులు ఒకటి కావు. కార్డును ఎలా తిరగేసినా, రెండోసారి అలాగే తిరగేస్తే మొదటికొస్తుంది. సగం చుట్టు తిప్పినా అంతే. క్వాటర్నియన్లలో అలాంటిది −1 ఒక్కటే. ఏ మూలకం వర్గం ఏదో టేబుల్ చెప్పదు. అందుకే భోజనం అయ్యాక ఫ్రోబెనియస్, ఆయన శిష్యుడు షూర్ 1906లో ఇచ్చిన లెక్క చేశాను: ప్రతి మూలకాన్నీ వర్గం చేసి, అక్కడ ఐదో క్యారెక్టర్ విలువలు కూడి, ఎనిమిదితో భాగించడం. చతురస్రానికి 12 − 4, అంటే 8, జవాబు 1. క్వాటర్నియన్లకు 4 − 12, అంటే −8, జవాబు −1.

ఆ మైనస్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నాకు ఈ సబ్జెక్టులో ఇంతకంటే అందమైనది ఇంకా తగల్లేదు. టేబుల్ నిండా మామూలు పూర్ణాంకాలే, అయినా ఆ మైనస్ వచ్చిందంటే, క్వాటర్నియన్ గ్రూపుకు ఐదో క్యారెక్టర్ తాలూకు రెండు వరుసల, రెండు నిలువుల మాత్రికలు వాస్తవ సంఖ్యలతో రాయడం కుదరదు, కాంప్లెక్స్ సంఖ్యలు రావాల్సిందే. వాస్తవ సంఖ్యలే కావాలంటే నాలుగు వరుసలు, నాలుగు నిలువుల మాత్రికలు వేయాలి. ఐ మాత్రిక అయింది, జె సగంలో ఉంది.