పర్లాకిమిడి ఎర్రనేలలో పన్నెండు సెంట్లు: మూడో ఏడాది చిట్టా

మా తోట ఒడిశాలోని పర్లాకిమిడి శివార్లలో, కొండ వాలుకి దిగువన ఉంది. పన్నెండు సెంట్లు. ఎర్రమట్టి, ఇసుక పాలు ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కొండ మీది నీళ్ళు దీని మీదుగానే మహేంద్రతనయ నది వైపు పోయాయి. పైమట్టి జానెడు మేర వాటితోనే పోయింది. గులకరాళ్ళతో అడుగుమట్టి తేలింది. కంది వేస్తే మోకాలి ఎత్తుకి వచ్చి ఆగిపోయేది.

ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలూ ఆదివారాలూ చేసే సాగు ఇది. ఎరువు బస్తా ముట్టకుండానే ఈ నేల మళ్ళీ పండాలని నా పట్టుదల. ఈ ఏడు చేసిన పనులు కార్తెల వారీగా రాస్తున్నాను. ఇలాంటి నేల ఉన్నవాళ్ళకి పనికొస్తాయి.

రోహిణి కార్తె

మట్టి పరీక్షకి ఇచ్చాను. శాంపిల్ సరిగ్గా తియ్యకపోతే ఫలితాల కార్డు మీద ఏ అంకె వచ్చినా నమ్మలేం. గత్తం (పశువుల ఎరువు) కుప్ప వేసిన చోటా, గట్టు వారా, చెట్టు నీడనా తియ్యకూడదు. తోటంతా అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున, పైన వెడల్పుగా అడుగున సన్నగా గుంత తీసి, ఒక పక్క గోడని పైనుంచి కిందికి అంగుళం మందాన చెక్కాను. అంతా శుభ్రమైన గుడ్డ మీద పోసి, బాగా కలిపి, నాలుగు వాటాలు చేసి, ఎదురెదురు రెండు వాటాలు పారేశాను. అర కిలో మిగిలేదాకా అదే పని. నీడన ఆరబెట్టి ఇచ్చాను.

కార్డు ఒడియాలో వచ్చింది, మా అమ్మాయి చదివి చెప్పింది. పీహెచ్ (ఏడుకి ఎంత తగ్గితే నేల అంత ఆమ్లం) 6.1, సేంద్రియ కర్బనం (కుళ్ళిన ఆకూ పేడా నుంచి నేలలో చేరే కర్బనం) 0.52 శాతం. మొదటి ఏడు ఇవే 5.3, 0.34 ఉండేవి. కర్బనం 0.5 లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని లెక్క. మొత్తానికి తక్కువలోంచి బయటపడ్డాం. ఆ రోజు ఇంట్లో అందరికీ చెప్పాను.

పీహెచ్ గురించి కాస్త చెప్పాలి. వానలెక్కువ పడే ఎర్రనేలల్లో కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయి నేల ఆమ్లంగా మారుతుంది. అప్పుడు ఇనుము, అల్యూమినియం కలిసి భాస్వరాన్ని పట్టేసుకుంటాయి, వేళ్ళకి అందనివ్వవు. గత్తం బళ్ళకొద్దీ తోలినా మొక్కజొన్న ఆకు అంచులు ఊదారంగుకి తిరుగుతున్నాయంటే ఈ అనుమానం పెట్టుకోవాలి. అందుకే నేను ముందు ఆమ్లం సంగతి చూశాకే మిగతా పనులు మొదలుపెట్టాను. ఈసారి సున్నపురాయి పొడి 20 కిలోలు, విత్తడానికి మూడు వారాల ముందు, సాళ్ళలో వేసి మట్టితో కలిపాను. కాల్చిన సున్నం వద్దు, దాని ఘాటుకి వేళ్ళూ వానపాములూ తట్టుకోవు. పచ్చి పేడతో కలిపి కూడా వెయ్యొద్దు, పేడలోని నత్రజని అమ్మోనియాగా గాలిలోకి పోతుంది.

ఎండలకి ఊరి చెరువు అడుగంటింది. రెండు ట్రాక్టర్ తొట్టెల చెరువుమట్టి తోలించి పలచగా పరిపించాను. ఇసుక నేలకి తడి నిలిపే బంక అందులో ఉంటుంది. మా తాతల కాలంలో ఏటా చేసిన పనే.

మృగశిర

తొలకరికి పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లాను, ఎనిమిది సెంట్లకి రెండు కిలోలు. జీలుగ మీద అందరికీ మోజు గానీ, అది చౌడుకీ నీళ్ళు నిలిచే మడులకీ బాగుంటుంది. నీళ్ళు జారిపోయే మెట్టకి జనుమే మేలు. మిగతా నాలుగు సెంట్లలో చోళ్ళు (రాగులు), గంట్లు (సజ్జలు), కంది, బొబ్బర్లు, నువ్వులు కలిపి చల్లాను.

పుష్యమి

జనుము నడుం దాటింది. పూత మొదలవుతుండగానే కోసి కలియదున్నాలి. ఆలస్యమైతే కాండం నారగట్టి ఓ పట్టాన చివకదు. నలభై అయిదో రోజు దాటకుండా చూసుకోవాలి.

కొయ్యబోయే ముందు ఒక మొక్కని గునపంతో మట్టి పెళ్ళతో సహా లేపాను. పీకితే వేళ్ళ మీది బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి. బకెట్ నీళ్ళలో వేరు మెల్లగా కడిగితే, ఆవగింజంత నుంచి జొన్నగింజంత దాకా బుడిపెలు గుత్తులుగా కనిపించాయి. ఒకదాన్ని గోటితో చీల్చాను. లోపల లేత ఎరుపు. ఆ రంగు ఉందంటే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తోందని అర్థం. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగడం లేదన్నమాట. మొదటి ఏడు ఇదే చోట చీల్చిన బుడిపెలు చాలా వరకు తెల్లగానే ఉన్నాయి. ఈసారి దాదాపు అన్నీ ఎర్రగా ఉండటం చూసి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

మఖ

కలియదున్నాక మూడు వారాలు ఆగి వంగ, మిరప నారు నాటాను. మొక్కల మధ్య వరిగడ్డి నాలుగు వేళ్ళ మందాన పరిచాను. గడ్డిని మట్టిలో కలపకూడదు. అందులో కర్బనం మరీ ఎక్కువ, నత్రజని మరీ తక్కువ. కలిపితే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాక్కుంటాయి, మొక్క పాలిపోతుంది. పైన కప్పితే ఆ బాధ లేదు. ఎర్రనేలలో ఎండుగడ్డికి చెదలు పడతాయి కాబట్టి మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదిలి, గడ్డి తడారకుండా చూసుకుంటున్నాను.

జీవామృతం పోస్తూనే ఉన్నాను. ఎకరానికి చెప్పే కొలతలో ఎనిమిదో వంతు: 25 లీటర్ల నీళ్ళు, కిలోంబావు ఆవుపేడ, లీటరు పంచితం (ఆవు మూత్రం), పావుకిలో బెల్లం, పావుకిలో ఉలవపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడన రెండు రోజులు, పూటకోసారి కర్రతో తిప్పడం. కానీ నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను: డ్రమ్ములో ఉన్నది కొంచెం పోషకం, బోలెడు సూక్ష్మజీవులు. నేల బోసిగా ఎండకి మాడుతుంటే అవి తినడానికి అక్కడ ఏముంటుంది? మా తోటలో మార్పు తెచ్చినవి ఏడాది పొడుగునా నేల మీద కప్పు, నేలలో బతికున్న వేరు. పక్క తోట బాబాయి డ్రమ్ము కొనడానికి తొందరపడుతుంటే, "బాబాయ్, ముందు గడ్డి పరుచు, తర్వాత డ్రమ్ము సంగతి చూద్దాం" అన్నాను. పరిచాడు.

హస్త

వాయుగుండం, రెండు రోజులు ఎడతెగని వాన. మా కాలువ మూలన వచ్చే నీళ్ళు పాలు కలపని టీ రంగులో ఉన్నాయి గానీ మట్టి లేదు. దారికి అవతల దున్ని వదిలేసిన చేనులోంచి ఎర్రగా, చిక్కగా పారుతున్నాయి. చూస్తే బాధేసింది, ఆ చేను గలాయనతో మాట్లాడాలి.

స్వాతి

నేల ఆరాక మూడు పరీక్షలు చేశాను.

ఒకటి, నీళ్ళు ఇంకడం. రెండు పక్కలా తెరిచిన, ఆరంగుళాల వెడల్పున్న రేకు డబ్బాని మూడంగుళాలు నేలలోకి దిగ్గొట్టి, 460 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే అది ఒక అంగుళం వానతో సమానం. మొదటి అంగుళం తడిపేందుకే, రెండోసారి పోసినప్పుడు టైము చూడాలి. గడ్డి కప్పిన మడిలో నాలుగు నిమిషాల్లో ఇంకింది. మనుషులు నడిచే బాటలో అరగంట దాటినా నిలిచే ఉంది.

రెండు, మట్టిగడ్డ పరీక్ష. బాట పక్కదొకటి, మడిలోదొకటి, ఉసిరికాయంత ఎండిన మట్టిగడ్డలు రెండు గాజు గ్లాసుల్లో చిల్లుల గరిటె మీద నిలబెట్టి నీళ్ళలోకి దించాను. మొదటిది బుడగలు కక్కుతూ క్షణాల్లో విడిపోయి అడుగున ఎర్రబురదై కూర్చుంది. రెండోది అంచుల్లో కొంచెం రాలినా గడ్డగానే ఉంది, నీళ్ళు తేటగా ఉన్నాయి. వేళ్ళ నుంచీ శిలీంధ్రాల నుంచీ వచ్చే జిగురే మట్టి రేణువుల్ని అలా పట్టి ఉంచుతుంది. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, ఎవరైనా చేసుకోవచ్చు.

మూడు, వానపాములు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తవ్వి ఏరితే జనుము చోట పద్నాలుగు, కలగలుపు విత్తనాల చోట తొమ్మిది. పది ఉంటే ఫరవాలేదంటారు. తేడాకి కారణం జనుమా, గడ్డి మందమా అన్నది ఒక్క ఏడుతో తేలదు. వచ్చే మృగశిరకి రెండింటి చోట్లూ మార్చి, గడ్డి మాత్రం ఒకే మందాన వేస్తాను.

ఖాళీ అయిన చోట నిన్ననే ఉలవలు చల్లాను. తడి చాలినంత ఉంది. సున్నపురాయి పొడి వచ్చే ఏడు 20 నుంచి 10 కిలోలకి తగ్గిద్దామనుకుంటున్నాను, వేసవి పరీక్షలో పీహెచ్ 6.3 దాటితే అదీ ఆపేస్తాను. జనుము విత్తనం బయట కొనకుండా గట్టు వెంట కొన్ని మొక్కలు కొయ్యకుండా వదిలాను. కాయలు గలగలమంటున్నాయి, ఈ ఆదివారం కొట్టుకోవాలి.