ఎర్రగడ్డ దాటిన తర్వాత

గురువారం, రాత్రి పదిన్నర.

ఈరోజు ఆరోసారి సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళి వచ్చాను. నాలుగున్నరకు చివరి క్లాసు ముగించి కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కాను. భరత్‌నగర్ దాటాక తర్వాతి స్టేషన్ ఎర్రగడ్డ అని వినబడగానే ఎప్పటిలాగే తల ఫోనులోకి వంచేశాను. ఆ పేరు వింటే బోగీలో అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అక్కడ ఉన్నందుకు ఆ ఊరి పేరే మన నోళ్ళలో తిట్టయిపోయింది. "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అని మా స్టాఫ్ రూములో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నేనూ అన్నాను, చాలాసార్లు. అక్కడ చీటీ కోసం వరసలో నిలబడే మనుషులను ఒక్కసారైనా తలచుకోకుండా అన్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే సిగ్గుతో ఒళ్ళు చల్లబడుతుంది. అక్కడి నుంచి మూడో స్టేషన్ అమీర్‌పేట. నేను దిగేది అక్కడ.

ఇదంతా ఆగస్టులో గుండె దడతో మొదలైంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది, అరచేతుల నిండా చెమట. ఈసీజీ, టూడీ ఎకో తీయించాను. రెండూ బాగున్నాయి. ఆ రిపోర్టులు చూసిన డాక్టరు ఒకరు, "ఉద్యోగం ఉంది, భార్యాపిల్లలున్నారు, మీకేం తక్కువండీ" అని పంపించేశారు. ఆ ఒక్క మాట నన్ను మూడు నెలలు వెనక్కి నెట్టింది. నిజమే కదా, ఏం తక్కువ అని రోజూ నన్ను నేనే నిలదీసుకున్నాను. డిసెంబరులో ఒకరోజు, ఇరవై ఏళ్ళుగా చెబుతున్న సమాకలనం (ఇంటిగ్రేషన్) లెక్క బోర్డు మీద సగంలో ఆగిపోయింది. తర్వాతి మెట్టు గుర్తుకు రాలేదు. గంట కొట్టేదాకా పిల్లలకు వీపు చూపిస్తూ నిలబడ్డాను. ఆ సాయంత్రమే నా భార్య సైకియాట్రిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది.

ఆయన ముందు థైరాయిడ్ పరీక్ష చేయించారు. థైరాయిడ్ తగ్గినా ఇలాంటి నీరసమూ దిగులూ రావచ్చునట. అది మామూలుగానే ఉంది. దిగులుకూ ఆందోళనకూ ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ అనే మందు రాశారు. మొదట్లో వికారంగా ఉండవచ్చనీ, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందనీ, బాగుందనిపించగానే సొంతంగా ఆపేయకూడదనీ ఒకటికి రెండుసార్లు చెప్పారు. చెప్పి ఉండకపోతే అయిదో రోజే మానేసేవాణ్ణి. మాటల వైద్యం కోసం క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఈవిడ మందులు రాయరు, వింటారు.

మొదటి రెండుసార్లు నేను ఆవిడతో ఇంగ్లీషులో మాట్లాడాను. పరాయివాళ్ళ సంగతి చెబుతున్నట్టు చక్కగా, వరసగా చెప్పుకుపోయాను. మూడోసారి ఆవిడ, "ఇంట్లో మీ అమ్మగారితో ఎలా చెబుతారో అలా చెప్పండి" అన్నారు. చాలాసేపు నోరు పెగల్లేదు. ఆ తర్వాత వచ్చిన మాటలు మూడు: బెంగ, గుబులు, దిగులు. బెంగ ఎవరో ఒకరి మీద పెట్టుకునేది, దానికి ఒక ముఖం ఉంటుంది. నాకున్నది అది కాదు. గుబులు రాబోయేదాన్ని తలచుకుని కడుపులో పుడుతుంది, ప్రిన్సిపాల్ గారి నుంచి ఫోను వస్తే చాలు లేస్తుంది. అది ఉంది. దిగులు, కారణం అడిగితే చెప్పదు, వచ్చి పక్కన కూర్చుంటుంది, అన్నం రుచి తీసేస్తుంది. అదీ ఉంది. డిప్రెషన్, యాంగ్జైటీ అని రెండు గంటలు చెప్పినా నాకే అందనిది, అమ్మ నోటి మాటల్లో పావుగంటలో బయటికి వచ్చింది. ఆవిడ కూడా తన పుస్తకంలో ఆ మాటలే తెలుగులో రాసుకున్నారు.

ఆరోజే ఇంకొకటి కూడా దిద్దుకున్నాను. మొదటిరోజు నింపిన కాగితంలో 9 ప్రశ్నలు ఉన్నాయి. గడిచిన రెండు వారాల్లో ఎంత తరచుగా ఇలా అనిపించిందని ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు వేయాలి. తొమ్మిదోది చావు గురించి. నేను సున్నా వేశాను. అది అబద్ధం. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ కంగారుపడలేదు. ఆ ఆలోచన ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, అప్పుడు పక్కన ఎవరుంటారు అని నెమ్మదిగా అడిగారు. అది ముదిరితే ఎవరెవరికి ఫోను చేయాలో నా చేతనే మూడు పేర్లు రాయించారు. నాలుగో వరసలో 14416. టెలీ మానస్ అని 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడుపుతున్న ఉచిత సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. జనవరిలో ఒక రాత్రి చేశాను. అవతల ఒకమ్మాయి నేను ఆగిన చోటల్లా తానూ ఆగుతూ విన్నది.

ఈరోజు చేసింది నాలుగు గడుల కాగితం. ఏం జరిగింది, ఏమనుకున్నాను, ఏమనిపించింది, అందుకు రుజువేమిటి. మంగళవారం మొదటి బెంచీ కుర్రవాడు పాఠం మధ్యలో నోటుబుక్కు మూసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నాకు పాఠం చెప్పడం రాదని పిల్లలకు తెలిసిపోయిందనుకున్నాను. రుజువు గడి దగ్గర కలం ఆగిపోయింది. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం రుజువైందని రాసిన పేపరుకు నేను మార్కులు వేయను. అలాంటి రుజువునే పొద్దున్నుంచి రాత్రిదాకా నా మీద నేనే రాసుకుంటున్నాను. ఆ కుర్రవాడికి మంగళవారం జ్వరమట, నిన్న అడిగితే చెప్పాడు.

యాభై నిమిషాలకు పన్నెండు వందలు. నెలకు నాలుగుసార్లంటే మా ఇంటికి బరువే. మానసిక జబ్బులకూ శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కానీ ఆస్పత్రిలో చేరకుండా కూర్చుని మాట్లాడే వైద్యానికి నా పాలసీలో చోటు లేదు. ఇది అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిదైంది. అన్నం వడ్డిస్తూ అమ్మ, "ఆ డాక్టరమ్మ ఏం అడుగుతుంది నాన్నా?" అంది.

"దిగులు గురించి అడుగుతుందమ్మా. ఎప్పుడు వస్తుంది, ఎలా ఉంటుంది అని."

నా చిన్నతనంలో అమ్మకు నరాల బలహీనత అనేవారు. బలానికి సూదులు వేయించారు, తాయెత్తు కట్టించారు. ఎలా ఉందని అడిగినవాళ్ళను నేను చూడలేదు.

అమ్మ కాసేపు ఊరుకుంది. "నువ్వు ఆరో తరగతిలో ఉండగా ఏడాదిపాటు నేను బావి దగ్గరికి వెళ్ళలేదు. గుర్తుందా?"

గుర్తుంది. నడుము నొప్పి అని మాకు చెప్పారు.

"నడుము నొప్పి కాదు."

గరిట గిన్నెలో పెట్టి నా వైపు చూసింది. నేను చేయి కడుక్కోకుండానే అడిగాను, "ఎవరికైనా చెప్పావా అమ్మా?"

"మీ నాన్నకు చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. మర్నాటి నుంచి బిందె తనే పట్టుకెళ్ళారు."