కుండీలో కరివేపాకు

కూరగాయలు కొంటే కొసరుగా వచ్చే కరివేపాకును కష్టపడి పెంచడం ఎందుకని చాలామంది అడుగుతారు. అప్పుడే తుంచిన రెబ్బ పోపులో పడినప్పుడు ఇల్లంతా నిండే ఘుమఘుమ, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు దాచిన ఆకుకు రాదు. అందుకే హైదరాబాదులోని మా మూడో అంతస్తు ఇంట్లో, తూర్పు బాల్కనీలో ఈ మొక్కను ఎనిమిదేళ్లుగా పెంచుతున్నాను.

నా మొదటి మొక్క నీళ్లు ఎక్కువై చనిపోయింది. ఆకులు పసుపు పచ్చబడి రాలుతుంటే దాహమేమోనని మరో చెంబెడు పోసేదాన్ని. చివరకు కుండీని బోర్లించి చూస్తే అడుగు రంధ్రం మట్టితో పూడుకుపోయి ఉంది; నల్లబడిన వేళ్లను పట్టుకోగానే పై పొర జారిపోయి, సన్నని నార మాత్రమే నా చేతివేళ్ల మధ్య మిగిలింది. అప్పటినుంచి రంధ్రం మీద పెంకు ముక్కను బోర్లించి, రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపుతున్నాను. మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు దించి, తడి తగలకపోతేనే నీళ్లు పోస్తాను.

ఆకు కోసే తీరు కూడా ముఖ్యమే. కింది రెబ్బలను దూసుకుంటూ పోతే మొక్క కర్రలా సాగి, కొసన మాత్రం నాలుగు ఆకులతో నిలబడుతుంది. కొమ్మ కొసన ఉండే మొగ్గ కింది మొగ్గలను ఎదగనివ్వదు కనుక, ఆ కొసనే కత్తిరించి వాడుకుంటే దాని కింద కొత్త చిగుళ్లు పుట్టి మొక్క గుబురుగా పెరుగుతుంది.

లేత ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లతో మట్టి క్షారంగా మారితే, అందులో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. పుల్లటి మజ్జిగను బాగా పలుచన చేసి పదిహేను రోజులకొకసారి పోయడం మా మొక్కకు మేలు చేసింది.

వానాకాలంలో ఆకుల మీద పక్షి రెట్టలాంటి మచ్చలు కనిపిస్తే పరీక్షగా చూడాలి. అవి సీతాకోకచిలుక పిల్లపురుగులు కావచ్చు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారే ఆ పురుగును తాకితే, తల వెనుక నుంచి రెండు కొమ్ముల్లాంటి భాగాన్ని చాచి ఘాటైన వాసన వదులుతుంది. మనం తినే ఆకు మీద మందు కొట్టడం నాకు ఇష్టం లేదు కాబట్టి, వాటిని రెబ్బతో సహా తీసుకెళ్లి మా ఆవరణలోని నిమ్మచెట్టు మీద వదిలిపెడతాను.

పుదీనాతో ఇంత పని లేదు. బజారు కట్టలోని గట్టి కాడలను గ్లాసు నీళ్లలో ఉంచితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. అది పాకి పక్క మొక్కలను కమ్మేస్తుంది కనుక వేరే వెడల్పు కుండీ ఇవ్వాలి. ధనియాలను బద్దలుగా నలిపి, నానబెట్టి, నేరుగా కుండీలోనే చల్లాలి; కొత్తిమీర నారు పీకి నాటితే సరిగా నిలదొక్కుకోదు, ఎండలు ముదిరితే త్వరగా పూతకొస్తుంది.

ఇప్పుడు చలికాలం కావడంతో కరివేపాకు ఎదుగుదల మందగించింది. ఎరువు ఆపి, నీళ్లు తగ్గించాను. ఫిబ్రవరిలో చిగురు కదలగానే కొమ్మలు కత్తిరించి, పై మట్టి గుల్లచేసి, రెండు గుప్పెళ్ల ఎరువు వేస్తాను.